ప్లాట్‌ఫారం ఉంటే చాలదు... అనుసంధానం కావాలి

తార్నాక: ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఒకవైపు తార్నాక మెట్రో స్టేషన్ ఉంది. మరోవైపు ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా ఎంఎంటీఎస్ స్టేషన్లు ఉన్నాయి. రెండు రైలు వ్యవస్థలు విద్యార్థుల ముంగిటకు వచ్చినా, వాటికి పరస్పర సంబంధం మాత్రం కొరవడింది. టిక్కెట్లు వేరు, వేళలు వేరు, యాజమాన్యాలు వేరు. మధ్యనున్న దూరానికి ఆటోనో, బస్సో, కాలినడకో శరణ్యం.

ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో నగరంలో ప్రారంభమైంది. తార్నాక మీదుగా మెట్రో 2017 నవంబరులో పట్టాలెక్కింది. మెట్రోకు సొంత మార్గం ఉన్నందున నిమిషాల వ్యవధిలో రైలు వస్తుంది. ఎంఎంటీఎస్ మాత్రం సికింద్రాబాద్-కాచిగూడ మార్గంలో దూరప్రాంత రైళ్లతో కలిసి పట్టాలు పంచుకోవాలి. ఫలితంగా కళాశాల వేళలకు రైలు అందుతుందన్న భరోసా ప్రయాణికుడికి కలగడం లేదు.

రైలు రాని ప్లాట్‌ఫారాలు ప్రపంచంలో కొత్తకాదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 1926లో ప్రారంభమైన సెయింట్ జేమ్స్ భూగర్భ స్టేషన్‌లో భవిష్యత్ మార్గాల కోసం అదనంగా రెండు ప్లాట్‌ఫారాలు నిర్మించారు. ఆ మార్గాలు రాలేదు, ప్లాట్‌ఫారాలు వృథాగా మిగిలాయి. కెనడాలోని టొరంటోలో 1954 నాటి క్వీన్ స్టేషన్ కింద ట్రాముల కోసం మరో స్టేషన్‌కు చోటు సిద్ధం చేశారు. చివరకు 1966లో తూర్పు-పడమర రైలుమార్గం ఉత్తరాన వేరే వీధి కింద వెళ్లింది. రెండుచోట్లా లోపం కాంక్రీటుది కాదు. ముందుచూపుతో కట్టినదానిని వినియోగంలోకి తెచ్చే నిర్ణయం తరువాత కొనసాగలేదు.

నిరీక్షణ హైదరాబాద్‌కూ అనుభవమే. ఎంఎంటీఎస్ రెండో దశ 2012-13లో మంజూరైంది. వ్యయంలో రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలన్నది ఒప్పందం. అందులో భాగమైన మౌలాలి-సనత్‌నగర్ మార్గం, ఆరు కొత్త స్టేషన్ల భవనాలు 2024 మార్చి 5న ప్రారంభమయ్యాయి. అప్పటికి దాదాపు పుష్కరకాలం గడిచింది.

ఎల్ అండ్ టీ చేతిలోని 69 కిలోమీటర్ల మెట్రోను స్వాధీనం చేసుకునేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరులో సూత్రప్రాయంగా అంగీకరించింది. ఎంఎంటీఎస్‌లోనూ రాష్ట్రం భాగస్వామే. కనుక రెండింటినీ కలిపే బాధ్యత నుంచి ఇకపై తప్పించుకునే వీలు తక్కువ. ఇందుకు కొత్త వంతెనలు, సొరంగాలు అవసరం లేదు. తార్నాక నుంచి ప్రాంగణం మీదుగా ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌కు రైళ్ల వేళలకు అనుగుణంగా బస్సు, రెండింటికీ చెల్లే ఒకే టిక్కెట్టు, ఉదయం, సాయంత్రం నమ్మదగిన రైళ్లు ఉంటే చాలు.

క్యాంపస్ స్టేషన్లు నేటికీ సజీవమే. అయితే రైలు కోసం చూసి చూసి ప్రయాణికుడు ఒకసారి దారి మార్చుకుంటే అతణ్ని తిరిగి రప్పించడం కష్టం. ప్లాట్‌ఫారం పాడుబడటం అక్కడి నుంచే మొదలవుతుంది.