సాహుల్ ముందు మన గోడకే పెట్టాలి



ఈ మాట రాయాలంటే నాకు కొంచెం షరంగా ఉంది. అయినా రాయాలి.

2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు పొంగింది. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ వెంటే అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కూడా కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట లాంటి ఊళ్ల మీద నది వచ్చి పడింది. ఆరోజు జుమా. హిందూ సోదరులకు కార్తీక పౌర్ణమి. మధ్యాహ్నానికి నా ఫోనుకు ఒక వీడియో వచ్చింది. కింద "అల్లాహ్ కా అజాబ్" అని రాసి, ఆ పండగ మాట కూడా కలిపారు. నేను రెండోసారి చదవకుండానే మా ఖాందాన్ గ్రూపులోకి తోసేశాను.

పది నిమిషాల్లో కర్నూలు పాతబస్తీ నుంచి మా ఖాలా ఫోన్ చేసింది. "యే అజాబ్ హై తో, హమారే ఘర్ మే ఆయా సో క్యా థా రే?" అంది. ఇది అజాబ్ అయితే, మనింట్లోకి వచ్చిందేంది?

నా దగ్గర జవాబు లేదు.

ఖాలా అడిగింది 2009 అక్టోబరు 2 గురించి. అదీ జుమా రోజే. రమజాన్ ఈద్ అయి పదిరోజులు దాటింది. ఆ ఏడాది వానల్లేక చేలు మాడిపోతుంటే, సెప్టెంబరు చివర్లో కురిసిన వానలకు తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే ఊరిమీదికొచ్చాయి. కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చింది. ఆ డ్యాం కట్టింది 19 లక్షల లెక్కకు. పాతబస్తీలో ఇళ్ల పైకప్పుల దాకా నీళ్లు నిలబడ్డాయి. మా వీధిలో మేడ ఉన్నది క్రైస్తవుల టీచరమ్మ ఒక్కామెకే. ముప్పై మందిమి ఆ మిద్దె మీద రెండు రాత్రులున్నాం. మా ఖురాన్ షరీఫ్‌ను మా అమ్మీ గుడ్డలో చుట్టి తెస్తే, టీచరమ్మ తన బైబిల్ పక్కనే నీళ్ల ట్యాంకు మీద ఎత్తుగా పెట్టింది.

నీళ్లు తీశాక, ఇంట్లో మోకాలెత్తు బురద ఎత్తిపోస్తుంటే, ఒక పెద్దమనిషి వచ్చి "ఇది అజాబ్. ఈ ఊళ్లో బేహయాయి ఎక్కువైంది, అందుకే" అన్నాడు. ఖాలా ఇల్లు అప్పటికే కూలిపోయింది. ఆమె చేతిలో పార పట్టుకుని వింటూ నిలబడింది, ఏమీ అనలేదు. ఆ మాట పన్నెండేళ్లు ఆమె గుండెలో ఉండిపోయిందని నాకు ఆ ఫోనులో తెలిసింది.

ఆ సిగ్గుతోనే నేను చదవడం మొదలుపెట్టాను. ఖురాన్‌లో ఆద్, సమూద్, నూహ్ కౌమ్‌ల కిస్సాలు మనకు తెలుసు. బనీ ఇస్రాయీల్ నబీలు చూసిన ఖ్వాబ్‌లు, నిషానీల గురించి టీచరమ్మను అడిగితే తన తెలుగు బైబిల్‌లో కాగితం ముక్కలు పెట్టి ఇచ్చింది. కడపలో లండన్ మిషనరీ సొసైటీ 1820లలోనే పని మొదలుపెట్టింది. అంటే దాదాపు రెండొందల ఏళ్లుగా ఈ నబీల మాటలు మన కరువు సీమలో తెలుగులో వినబడుతున్నాయి. మన చెవినే పడలేదు. అహ్లె కితాబ్ చెప్పేదాన్ని ఉన్నదున్నట్టు సచ్ అనొద్దు, ఝూట్ అనొద్దు అని హుజూర్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) నేర్పారు. అందరు నబీల పేర్లూ మనకు చెప్పలేదని ఖురానే అంటుంది. ఆ అదబ్‌తోనే చదివాను.

మొదట ఆమోసు. క్రీస్తు పూర్వం ఎనిమిదో శతాబ్దం మనిషి, గొర్రెలు కాసుకుని మేడిపండ్ల చెట్లు చూసుకునేవాడు. ఒక ఊరి మీద వాన పడి పక్క ఊరి మీద పడకపోవడం గురించి ఆయన చెప్తుంటే, పత్తికొండ పక్కన చేను ఉన్నోళ్లకు తర్జుమా అవసరం లేదు. ఆయనకు మొదట మిడతల దండు కనబడింది. తర్వాత నేలను మింగే మంట కనబడింది. రెండుసార్లూ ఆయన చేసిన పని ఒకటే. ఈ కౌమ్ చాలా చిన్నది, తట్టుకోలేదు, మాఫ్ చెయ్ అని దువా చేశాడు. రెండుసార్లూ అల్లాహ్ ఆ ఆఫత్‌ను ఆపాడు. అజాబ్‌ను కళ్లారా చూసిన నబీ "చూశారా, నేను చెప్పలేదా" అనలేదు. జనం తరఫున నిలబడ్డాడు. లూత్ (అలైహిస్సలాం) కౌమ్ గురించి ఇబ్రాహీం (అలైహిస్సలాం) వాదించిన సంగతి సూర హూద్‌లో మనమూ చదువుతాం. అక్కడ అల్లాహ్ ఆయన్ను నరమ్ దిల్ ఉన్నవాడని తారీఫ్ చేస్తాడు.

మూడోసారి ఆమోసుకు ఒక గోడ, దాని పక్కన సాహుల్ కనబడ్డాయి. తెలుగు మేస్త్రీలు తూకపు గుండు అంటారు, తెలుగు బైబిల్‌లో మట్టపు గుండు అని ఉంది. ఆ గుండు పెట్టింది పరాయి కౌమ్‌కు కాదు, ఆయన సొంత కౌమ్‌కే. ఈసారి మాఫీ మాట రాలేదు. ఎందుకు రాలేదో మా అబ్బా పని గుర్తొచ్చాక నాకు అర్థమైంది.

మా అబ్బా మేస్త్రీ. 2009లో బురద ఎండకముందే సాహుల్ తీసుకుని వీధిలో ప్రతి గోడకూ పెట్టి చూశాడు. మట్టి గోడలు, నాని ఉన్నాయి. బయటికి బాగానే కనబడేవి. మొదట మనింటి గోడకే పెట్టాడు. పైనుంచి కిందికి నాలుగు వేళ్లు వాలింది. మా అమ్మీ ఏడుస్తుంటే అదే రోజు పడగొట్టించాడు. "నిలబెడితే రాత్రి పిల్లోళ్ల మీద పడ్తాది" అన్నాడు. ఆ తర్వాతే పక్కింటోళ్ల తలుపు తట్టాడు. తన ఇల్లు పడగొట్టుకున్న మనిషి చెప్తే ఎవరూ తగువు పడలేదు.

వరద నుంచి కాపాడమని దువా చేస్తాం, చెయ్యాలి కూడా. వంకర గోడ దువాతో నిలబడదు, విప్పి కట్టాల్సిందే. ఆమోసు కౌమ్ గోడ ఎక్కడ వంకర పోయిందో ఆ కితాబ్‌లోనే ఉంది. తరాజు దొంగది, కొలపాత్ర చిన్నది, గోధుమల్లో తాలు కలిపి అమ్మడం, జత చెప్పుల ధరకు గరీబును కొనేయడం. మద్యన్‌లో షుఐబ్ (అలైహిస్సలాం) చెప్పింది అచ్చం ఇదే. చివరికి ఆమోసు కితాబ్ కూడా పడిపోయిన గుడారాన్ని మళ్లీ నిలబెడతాననే వాదాతోనే ముగుస్తుంది.

ఇక హిజ్‌కీల్ (అలైహిస్సలాం). కౌమ్‌తోపాటు బాబిల్‌కు ఖైదీగా వెళ్లినవారు. ఆయన కితాబ్ నిండా సొంత కౌమ్ గునాహ్‌ల లెక్క ఉంది. కానీ ఊరు కూలి, జనం ఆశ వదిలేశాక ఆయనకు కనబడింది ఎండిపోయిన ఎముకల లోయ. ఇవి ఎవరి పాపంతో ఎండాయి అన్న సవాల్ అక్కడ రాలేదు. ఇవి మళ్లీ బతుకుతాయా అన్నదే సవాల్. నీకే తెలుసు మాలిక్ అని ఆయన జవాబు. తర్వాత ఎముకకు ఎముక చేరి, నరాలు, మాంసం, తోలు, చివరికి ఊపిరి. సూర బఖరాలో మౌత్‌కు భయపడి వేలమంది ఇళ్లు వదిలి పోయి, చచ్చి, మళ్లీ జిందా అయిన ప్రస్తావన ఉంది. ఇబ్నె కసీర్ లాంటి ముఫస్సిర్లు అక్కడ హిజ్‌కీల్ పేరు తెస్తారు. అదే సూరాలో పాడుబడ్డ ఊరి దగ్గర నూరేళ్లు మౌత్‌లో ఉండి లేచిన మనిషి, తన గాడిద ఎముకలకు మాంసం తొడగడం చూస్తాడు.

మన సీమ కూడా ఎముకలు చూసింది. 1876-78 ధాత కరువు తర్వాత, 1881 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనం పదేళ్ల కిందటి కన్నా బాగా తగ్గిపోయారు. దానికి ముందు 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి పోసి బతికించాడు. ఎవరి గునాహ్ అని అడగలేదు, ఎవరికి ఆకలి అని అడిగాడు. అందుకే ఆయన పేరు ఇప్పటికీ సీమ పాటల్లో ఉంది.

"అయితే అజాబ్ అనేదే లేదా భాయ్?" అని మీరడగొచ్చు. ఉంది. ఖురాన్ చెప్పిన కౌమ్‌ల మీద వచ్చింది అజాబే, ఎందుకంటే అది అల్లాహ్ చెప్పిన మాట. ఈరోజు ఫలానా వరద ఫలానావాళ్ల మీద అజాబ్ అని ముద్ర వేయడానికి నీకూ నాకూ వహీ రాదు. పైగా నీళ్లలో మునిగి పోయినవాడు, గోడ కూలి పోయినవాడు షహీద్ అని సహీ హదీస్ ఉంది. 2009లో మనవాళ్లు పోతే ఆ హదీస్ చెప్పుకునే ఓదార్చుకున్నాం. 2021లో పక్క జిల్లావాళ్లు పోతే అజాబ్ అన్నాం. మనకొక తరాజు, వాళ్లకొక తరాజు. సూర ముతఫ్ఫిఫీన్ తీసుకునేటప్పుడు నిండుగా, ఇచ్చేటప్పుడు తక్కువగా కొలిచేవాళ్ల గురించే కదా మొదలయ్యేది. రహ్మత్‌ను అలా కొలవడం అంతకన్నా పెద్ద దొంగ తూకం.

ఇంకో నష్టం కూడా ఉంది. అజాబ్ అనేస్తే, గేట్లు ఎలా ఉన్నాయి, కట్ట ఎందుకు తెగింది, జనాన్ని ముందే ఎందుకు లేపలేదు అని అడిగేవాడే ఉండడు. జిమ్మేదారీ అంతా అల్లాహ్ మీదికి తోసి మనుషులు చేతులు దులుపుకుంటారు.

యూనుస్ (అలైహిస్సలాం) కిస్సా మనందరికీ తెలుసు. అజాబ్ వస్తుందని చెప్పాక తౌబా చేసి బచాయించుకున్న కౌమ్ ఆయనదే. చేప కడుపు నుంచి బయటపడ్డాక ఆయన మీద తీగ మొలిచిందని ఖురాన్ చెప్తుంది. యహూదుల కితాబ్‌లో ఆ చెట్టు కిస్సా చివర్లో, నీనెవా ఊరు బయట వస్తుంది. ఊరు బచాయించిందని నబీకి మనసు కష్టమైంది. నీడ ఇచ్చిన చెట్టును పురుగు కొట్టేస్తే ఇంకా కష్టమైంది. ఒక్క చెట్టు కోసం నువ్వింత బాధపడితే, లక్షా ఇరవై వేల మంది మనుషులు, అన్ని పశువులు ఉన్న ఊరు మీద నాకు తరస్ రాకూడదా అని అల్లాహ్ అడిగినట్టు ఉంది. పశువుల్ని కూడా లెక్కపెట్టడం చూడండి. చెయ్యేరు ఇసుకలో బర్రెలు, ఆవులు కూరుకుపోయిన ఫోటోలు నేనూ చూశాను. చూసి ఆ వీడియోనే పంపాను.

కరువొస్తే ఈద్‌గాహ్‌లో నమాజె ఇస్తిస్ఖా చదువుతాం. అందులో హుజూర్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) తన చాదర్‌ను తిరగేసి కప్పుకున్నారు. నా అర్థం నేను చెప్తాను: హాలత్ తిరగబడాలని అడిగేవాడు ముందు తాను తిరగాలి. తూకంలో మోసం చేస్తే కరువు, జకాత్ ఆపితే వాన ఆగుతుందని ఇబ్నె మాజాలో వచ్చిన హదీస్ కూడా మనకు చెప్పిందే, పక్కింటోళ్లకు కాదు. కూలోడి పైసలు ఎన్ని రోజులు ఆపాం? మన బోరు ఎంత లోతుకు దింపి పక్క చేను బావి ఎండగొట్టాం? 2009లో మన బజారులోనే కొవ్వొత్తులు మూడింతల ధరకు అమ్మారు. సాహుల్ అక్కడ పెట్టాలి.

ఆ సాయంత్రం గ్రూపులో ఆ వీడియో తీసేసి మాఫీ అడిగాను. ఖాలా ఇంకేమీ అనలేదు, "రాజంపేటకు ఎవురు పోతాండారు, బియ్యం పంపాల" అని మాత్రం రాసింది. మా అబ్బా ఇప్పుడు లేడు. ఆయన సాహుల్ మా ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంది.

యా అల్లాహ్, మా మీద రహమ్ చెయ్, మా పొరుగువాళ్ల మీద రహమ్ చెయ్. మా గోడల వంకర మాకే ముందు చూపించు. ఆమీన్.

వల్లాహు ఆలం.