వీరుని తప్పొప్పులు

బలవంతుడు దుర్బలుని పక్షమున నిలిచిన కథ ఏ దేశమున పుట్టినను బాలబాలికలకు ప్రియమైనదే యగును. భీముని గదాఘాతమును గూర్చి వినుచు పొంగిపోని పిల్లలు మనలో లేరు. అట్లే అమెరికా దేశమున పుట్టి లోకమంతట ప్రసిద్ధికెక్కిన కల్పిత వీరుడొకడు కలడు. అతడే సూపర్‌మేన్. ఎఱ్ఱని వస్త్రము వీపున రెపరెపలాడుచుండగా ఆకాశమున ఎగురు అతని బొమ్మను ఎఱుగని బాలుడు నేడు అరుదు. అతని గుణములను పొగడువారు పలువురు కలరు. అతని తప్పులను గూర్చియు మనము కొంత ఆలోచింపవలెనని నా అభిప్రాయము.

జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇరువురు యువకులు ఈ వీరుని కల్పించిరి. 1938లో ‘యాక్షన్ కామిక్స్’ అను బొమ్మల కథల పత్రిక మొదటి సంచికలో అతడు పాఠకులకు తొలిసారి కనిపించెను. క్రిప్టాన్ అను గ్రహము నశించుచుండగా అచటి తండ్రి యొకడు తన పసిబిడ్డను చిన్న నౌకలో ఉంచి భూమికి పంపెను. కెంట్ అను దంపతులు ఆ శిశువును పెంచి, బలమును పరుల మేలునకే వినియోగింపవలెనని బోధించిరి. పెరిగి పెద్దవాడైన పిమ్మట అతడు క్లార్క్ కెంట్ అను పేరుతో పత్రికా విలేఖరియై, ఆపద వచ్చినపుడెల్ల వేషము మార్చి జనులను రక్షింపసాగెను. అతడు ధనమును కోరడు; పదవిని ఆశింపడు; బీదలనిన జాలిగలవాడు. ఇట్టివానిని ప్రేమించుట తప్పు కాదు. కాని ప్రేమించుట వేఱు, అతడు చేసినదెల్ల ఒప్పే యనుట వేఱు.

1939 జనవరి సంచికలో ఒక కథ కలదు. మురికివాడలలో పెరుగు బాలురు దొంగతనములకు అలవాటు పడుచుండుట చూచి, ఆ దోషము బాలురది కాదనియు, వారు నివసించు పరిసరములదనియు సూపర్‌మేన్ గ్రహించును. ఈ ఆలోచన మెచ్చదగినదే. కాని తరువాత అతడు చేసిన పని యేమి? వాడలోని జనులను ఖాళీ చేయించి, ఇండ్లను తన చేతులతో కూలద్రోయును. ఇండ్లు కూలినచో ప్రభుత్వము క్రొత్తవి కట్టింపక తప్పదని అతని ఊహ. కథలో అట్లే జరుగును, చక్కని భవనములు లేచును, చదువరి సంతోషించును. అయితే క్రొత్త గోడలు లేచువఱకు ఆ కుటుంబములు ఎచట తలదాచుకొనవలెను? పుట్టి పెరిగిన ఇంటిని విడువనని పట్టుబట్టు ముసలమ్మ మాటను ఎవరు విందురు? వారి కష్టమును తొలగింపదలచిన వీరుడు ఏమి కావలెనని వారినే అడిగియుండవలసినది.

అదే సంవత్సరమున వచ్చిన మఱియొక కథలో, తానెఱిగిన వ్యక్తి యొకడు మోటారు ప్రమాదమున మరణింపగా, అజాగ్రత్తగా బండ్లు నడుపువారిపై అతడు యుద్ధము ప్రకటించును. పెక్కు కార్లను విఱుగగొట్టును. నాసిరకపు సామగ్రితో కార్లు తయారుచేయు కర్మాగారమును సైతము ధ్వంసము చేయును. ప్రజల ప్రాణములకంటె లాభమును ఎక్కువగా చూచుకొను యజమాని నిందార్హుడే. కాని ఆ కర్మాగారమున పనిచేసి పొట్ట పోసికొను కార్మికుడు మఱునాడు ఏమి తినవలెను? నేరము చేసెనని ఎవనిపై ఆరోపణ వచ్చునో వానికి తన మాట చెప్పుకొను అవకాశముండవలెను. నేరము మోపువాడు, తీర్పు చెప్పువాడు, దండించువాడు ఒక్కడేయైనచోట న్యాయము నిలువదు. ఆ ఒక్కడు ఎంత మంచివాడైనను నిలువదు.

1978లో వెలువడిన చలనచిత్రమునందు అతని కన్నతండ్రి జోర్-ఎల్ ఒక కట్టడి విధించును. మానవుల చరిత్రగతిలో జోక్యము చేసికొనరాదనుటయే ఆ కట్టడి. అతడు ప్రేమించిన లోయిస్ లేన్ అను విలేఖరి భూకంపమున చిక్కి మరణించును. అతడు దుఃఖము పట్టజాలక, తండ్రి ఆజ్ఞను త్రోసివేసి, భూమిచుట్టు మహావేగముతో ఎగిరి, కాలమునే వెనుకకు మరల్చి ఆమెను బ్రదికించుకొనును. ఆ దుఃఖమును చూచి కరగనివారుండరు. ఐనను లోకమున ప్రతిదినము ఎందఱో తల్లులు బిడ్డలను కోల్పోవుచున్నారు. వారి కన్నీటికి మరలని కాలము అతని కన్నీటికి మరలినది. అందఱికొఱకు ఉన్న శక్తిని తనవారికొఱకు వేఱొక కొలతతో వాడుట పక్షపాతము గాక మఱియేమి?

1980లో వచ్చిన రెండవ చిత్రమున అతడు లోయిస్‌తో సామాన్య మానవునివలె జీవింపగోరి తన శక్తులను విడనాడును. అపుడు దారిప్రక్క హోటలులో ఒక మోటు మనిషి అతనిని కొట్టి అవమానించును. పిదప క్రిప్టాన్ గ్రహమునకు చెందిన ముగ్గురు దుష్టులు లోకమును పీడింపగా, అతడు మరల శక్తిమంతుడై వారిని అణచును. ఇంతటితో తృప్తి చెందక, కథ చివర ఆ హోటలునకే తిరిగివచ్చి, పాత పగవానిని చితుకగొట్టి, విఱిగిన వస్తువులకు సొమ్ము చెల్లించి పోవును. ప్రేక్షకులు ఇచట చప్పట్లు చఱచుదురు. కాని ఆ మనిషి పిడికిలి ఇపుడు అతనిని నొప్పింపజాలదు. ఓటమికి తావే లేని పోరాటమున శౌర్యమెక్కడిది? పెద్ద తరగతి బాలుడు చిన్నవానిని మూలకు త్రోసి కొట్టిన దానికిని, దీనికిని భేదము స్వల్పము.

అదే చిత్రమున ఇంతకంటె పెద్ద తప్పు కలదు. క్లార్క్ కెంట్‌యే సూపర్‌మేన్ అని లోయిస్ తెలిసికొనెను. ఆ రహస్యమును మోయలేక ఆమె బాధపడుచుండగా, అతడు ఆమెను ముద్దాడి, తన శక్తిచే ఆ జ్ఞాపకమును తుడిచివేయును. ఆమె బాధ తీర్చుటకే అట్లు చేసెనని కొందఱు సమర్థింతురు. కాని ఆ బాధ ఆమెది. దానిని భరించుటయో, మఱచుటయో ఆమెయే నిర్ణయించుకొనవలెను. తన రహస్యమును తాను దాచుకొనుటకు ఎవనికైనను హక్కు కలదు. ఇతరుల మనస్సులోనిదానిని వారికి తెలియకుండ తీసివేయుటకు ఎవనికిని హక్కు లేదు. చిత్రము ముగియునపుడు అతడు శ్వేతభవనముపై జెండాను తిరిగి నిలిపి, ఇకపై కర్తవ్యమున తప్పనని దేశాధ్యక్షునకు మాట ఇచ్చును. అది ప్రశంసనీయమే. లోయిస్‌కు మాత్రము ఏ సంజాయిషీయు లేదు. తనకు ఏమి జరిగినదో కూడ ఆమె యెఱుగదు.

కట్టుకథలకు ఇంత విచారణ యేల యని కొందఱడుగవచ్చును. తువ్వాలును వీపున కట్టుకొని సూపర్‌మేన్ ఆట ఆడుకొను బాలుడు అతని బలమును మాత్రమే అనుకరింపడు. అతని నడవడిని గూడ మనస్సున నిలుపుకొనును. ఫలితము మంచిదైనపుడు మార్గమును ప్రశ్నింపనేల యని మఱికొందఱందురు. కథకుడు తలచిన ఫలితమే కథలో కలుగును. లోకమున అట్లు కాదు. ఇచట బలవంతుని అంచనా తప్పినచో నష్టపడువారు బలహీనులే. అందువలననే అధికారమునకు చట్టములు, విచారణలు, ఎన్నికలు అను కళ్ళెములను మానవులు అమర్చుకొనిరి.

తప్పును ఎత్తిచూపుట ద్వేషించుట కాదు. ధర్మరాజును మన మెంతగా గౌరవింతుమో చెప్పనక్కఱలేదు. ఐనను జూదమున తమ్ములను, ద్రౌపదిని పణముగా ఒడ్డెనను సంగతిని మహాభారతము దాచలేదు. ద్రోణునితో నిజమును మఱుగుపఱచి పలికినంతనే, అంతవఱకు నేలకు నాలుగంగుళముల ఎత్తున నడచిన అతని రథము నేలను తాకెనని ఆ కథ చెప్పుచున్నది. దాని వలన ధర్మరాజుపై మన గౌరవము నశింపలేదు. ధర్మము ఎంత సూక్ష్మమైనదో మనకు తెలిసినది. సూపర్‌మేన్ తప్పు చేసిన పిమ్మటను మునుపటివలెనే ఆకాశమున ఎగురుచుండును. కావున ఆ తప్పును గుర్తించు భారము చదువరులమైన మనపై నున్నది.

విద్యార్థులారా! మీలో ప్రతివానికి ఏదో యొక బలము ఉండకపోదు. ఒకనికి దేహబలము, ఒకనికి చదువు, ఒకనికి ధనము, ఒకనికి తరగతి నాయకత్వము లభించును. ఆ బలముతో ఇతరులకు సాయపడుడు. అయితే చేయి చాచుటకు ముందు వారి ఎదుట ఒక్క క్షణము నిలిచి, “నీకేమి కావలెను?” అని అడుగుడు. వారు వలదన్నచో ఆ మాటను మన్నింపుడు. సూపర్‌మేన్ పెక్కుసార్లు మఱచిన పని ఇదియే. దీనిని చేయుటకు ఆకాశమున ఎగురు శక్తి అక్కఱలేదు.