మిరపకల్లము చెప్పు సాక్ష్యము

కొన్నియేండ్ల క్రిందట మాఘమాసమున, గుంటూరు సీమలోని యొక నల్లరేగడి పల్లెలో, మిరపకల్లము నడుమ ఒక చిత్రబృందము షూటింగు జరుపుచుండగా చూచితిని. నాయకుడు పిలువవలెను, నాయిక వెనుదిరిగి చూడవలెను. పిలుపు తీసిననాడు కాయ క్రొత్తగా కోసి పోసినది. నిండుగా, నిగనిగలాడుచు, నెత్తురు రంగున నుండెను. నాయిక వెనుదిరుగుట తీయుటకు మఱి ఆరు దినములకు గాని వీలు చిక్కలేదు. ఆ నడుమ, సాయంకాలమున కుప్పయై పట్టా క్రింద మంచు తప్పించుకొనుచు, ఉదయమున మరల పలుచగా పరువబడుచు, ఆ కాయ ముడుతలు దేరి, నల్లబారిన ముదురెఱుపునకు దిగినది. సహాయ దర్శకుడు ఫోనులోని బొమ్మలు ముందుంచుకొని, గాజులెన్ని, పమిట ఏ భుజముపై నున్నది, చొక్కా గుండీ పెట్టియున్నదా లేదా అని బహుశ్రద్ధతో సరిచూచెను. పిదప తెరమీద ఆ దృశ్యమును చూచిన రైతొకడు, "పిలిస్తే పలకటానికి వారం రోజులు పట్టిందేంటయ్యా ఆ పిల్లకి?" అనెను.

దృశ్యముల పొందికను, సినిమావారి మాటలో కంటిన్యుటీని, కట్టుబొట్టులతో సరిపెట్టుకొనుట మనవారికి అలవాటైన లోపమని నా అభిప్రాయము. ఎడిటరు ఎంతటి నేర్పరియైనను, రెండు షాట్ల నడుమ నిజముగా గడచిన కాలమును ప్రేక్షకునిచే మఱపింపవలెనన్న, ఆ కాలము విడిచిన గుర్తులను చిత్రీకరణవేళనే కనిపెట్టి యుండవలెను. స్టూడియోలో ఈ చిక్కు తక్కువ. 1957 నాటి 'మాయాబజార్'లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ దీపములతో కల్పించిన వెన్నెలకు పక్షము మాఱు భయము లేదు. ఆరుబయట నలుపు తెలుపుల చిత్రమైనను కొంత దాచును. రంగులు వచ్చిన పిదప మిరపకాయయే సాక్ష్యము చెప్పసాగినది.

అయినను రంగుల చిత్రమునను పొందిక నిలుపవచ్చును. ఆ గుంటూరు సీమవాడే, తెనాలి చెంతనున్న బుర్రిపాలెమున పుట్టిన నటుడు కృష్ణ నిర్మించిన 'అల్లూరి సీతారామరాజు' 1974లో వెలువడినది. నిర్మాణము నడుమనే దర్శకుడు వి. రామచంద్రరావు దివంగతుడు కాగా, పోరాట దృశ్యములను కె.ఎస్.ఆర్. దాస్, తక్కిన భాగమును కృష్ణ స్వయముగా నడిపిరి. తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రమది. అంత వెడల్పు తెరపై కొండయు, చెట్టును, పొద్దును నటునితోపాటు కనబడక తప్పదు. అయినను, ముగ్గురి చేతులు మాఱిన ఆ చిత్రమున అతుకు నా కంటికి దొరకలేదు. కెమెరా వెనుకనున్న వి.ఎస్.ఆర్. స్వామి దృష్టి యొక్కటియే యగుట అందులకు ముఖ్యకారణమని నేననుకొందును.

రంగును ఇప్పుడు కంప్యూటరుపై దిద్దవచ్చునందురు. దిద్దవచ్చును, ముడుతను దిద్దుటకు మాత్రము ఎంత ఖర్చో! దానికన్న, పక్క చేనిలో ఆనాడే కోసిన కాయను రెండు బస్తాలు కొని పైపైన చల్లిన సరిపోవును. ఏ కాయ చల్లవలెనో చెప్పుటకు ఒక కూలిమనిషిని రోజుకూలికి పెట్టుకొన్నను చాలును.

అసలు ఆ షూటింగునాడే, కల్లమున తాలుకాయలేఱుచున్న ఒక ముసలమ్మ తల యెత్తి, "మొన్నటి కాయ ఇట్టా లేదు బాబూ" అన్నది. సహాయ దర్శకుడు వినలేదు. నాయిక గాజులు లెక్కించుచుండెను.