మాటలోనే గడియారం

పూర్వం మన పట్టణాలలో ఇంటింటికీ గడియారం ఉండేది కాదు. అడుగున సన్నని రంధ్రం గల గిన్నెను నీటిపై ఉంచి, అది మునిగినప్పుడల్లా గంట మోగించేవారు. ఒక గంటకూ మరొక గంటకూ నడుమనున్న కాలమే గడియ. నేటి లెక్కలో 24 నిమిషాలు. గిన్నె ఉన్నది ఒక్కచోటనే అయినా, కాలం విన్నవారందరిదీ అయ్యేది. నేటి ఎలక్ట్రానిక్ పరికరాలలో కొన్ని ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి. నమ్మదగిన గడియారం తమకంటూ లేకపోయినా, ఎదుటి యంత్రం పంపే సమాచారాన్ని వింటూ, ఆ వినికిడిలోనే కాలాన్ని తెలుసుకుంటున్నాయి. పలువురు దీనిని తయారీదారుల పొదుపుగా మాత్రమే చూస్తున్నారు. ఆ చూపు చాలదని నా అభిప్రాయం.

యంత్రాల మధ్య సమాచారం సున్నలుగా, ఒకట్లుగా తీగ వెంట ప్రవహిస్తుంది. ఆ ఒక్కొక్క అంకెను బిట్ అంటారు. 1996లో వెలువడిన యు.ఎస్.బి. ప్రమాణంలో 'ఫుల్ స్పీడ్' అనే వేగానికి సెకనుకు 1 కోటి 20 లక్షల బిట్లు. వాటి నడుమ విరామం గాని, విడదీసే గీత గాని ఉండదు. తాళపత్రాలపై పద్యాలను కూడా మన పూర్వులు ఇట్లే పాదవిభజన లేకుండా, పదాల మధ్య ఎడం లేకుండా వ్రాసేవారు. ఛందస్సు తెలిసినవాడు గణాలు లెక్కించుకొని పాదం ఎక్కడ ముగిసిందో చెప్పగలడు; తెలియనివానికి అది అక్షరాల బారు మాత్రమే. తీగకు ఇవతల ఉన్న పరికరానికి కూడా ఒక్కొక్క బిట్ నిడివి ఎంతో తెలిసి ఉండాలి.

ఆ కొలత కోసం చాలాకాలం ప్రతి పరికరంలోనూ ఒక క్వార్ట్జ్ స్ఫటికాన్ని అమర్చేవారు. విద్యుత్తు తగిలితే స్ఫటికం నియమబద్ధంగా కంపిస్తుంది. దాని ఆధారంగా 1927లో బెల్ ప్రయోగశాలలో వారెన్ మారిసన్ గడియారాన్ని నిర్మించాడు. పాత పెన్‌డ్రైవును విప్పి చూస్తే వెండి రంగు డబ్బీలో ఈ స్ఫటికమే కనిపిస్తుంది. అది చిప్ వెలుపల ఉండి చోటును ఆక్రమిస్తుంది, ఖర్చును పెంచుతుంది, గట్టి దెబ్బ తగిలితే పాడవుతుంది. చిప్ లోపలనే చిన్న డోలకాన్ని నిర్మించుకోవచ్చు గాని, ఎండకూ విద్యుత్ పీడనానికీ దాని నడక మారిపోతుంది. నూటికి ఒక వంతు తేడా వచ్చిందనుకోండి. యాభై బిట్లు గడిచేసరికి లెక్క సగం బిట్ తప్పుతుంది. అటుపైన ఏది సున్నయో ఏది ఒకటో చెప్పడం సాధ్యం కాదు.

ఈ చిక్కును తీర్చేది వినేవాని తెలివి ఒక్కటే కాదు, చెప్పేవాని క్రమశిక్షణ కూడా. యు.ఎస్.బి. పద్ధతిలో సున్న వచ్చినప్పుడు తీగలోని స్థితి మారుతుంది. ఒకటి వచ్చినప్పుడు మారదు. ఒకట్లు వరుసగా వస్తూ పోతే తీగ నిశ్చలంగా ఉండిపోతుంది, వినేవానికి ఆనవాలు దొరకదు. అందువల్ల ఆరు ఒకట్లు వరుసగా వస్తే, పంపేవాడు తనంతట తానే ఒక సున్నను చేర్చాలని నియమం. వినేవాడు దానితో తన లెక్కను సరిచూసుకొని, ఆ సున్నను తీసి పారవేస్తాడు. కావ్యంలో పాదపూరణ కోసం వేసిన పదాన్ని ఆలంకారికులు దోషంగా ఎంచారు. ఇక్కడ అదే గుణమైంది! ప్రతి ఏడు బిట్లలోపు ఒక మార్పు తప్పక వస్తుంది కనుక, నూటికి ఒక వంతు తేడా ఉన్నా పొరపాటు బిట్‌లో నూటికి ఏడు వంతులు దాటదు.

వినడం సరే, తిరిగి చెప్పేటప్పుడు పరికరం నడక కూడా సరిగా ఉండాలి. కంప్యూటరు ప్రతి మిల్లీసెకనుకు ఒకసారి, చెప్పవలసిన మాట ఉన్నా లేకున్నా, ఒక చిన్న సంకేతాన్ని పంపుతుంది. పరికరంలోని డోలకం సెకనుకు 4 కోట్ల 80 లక్షల సార్లు కంపించేది అయితే, రెండు సంకేతాల నడుమ 48,000 కంపనాలు రావాలి. 48,120 వచ్చాయంటే నడక నూటికి పావు వంతు ఎక్కువైనట్లు. ప్రమాణం అనుమతించే హద్దు అదే. పరికరం వెంటనే తన వేగాన్ని కొంత తగ్గించుకుంటుంది. ఇట్లు సెకనుకు వేయి దిద్దుబాట్లకు అవకాశమున్నది.

దిద్దుకోవడంలోనూ ఔచిత్యం కావాలి. రాకపోకల తేడాను చూసి తన నడకను సవరించుకునే వలయాన్ని 1932లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ ద బెల్సీజ్ వివరించాడు. అది ప్రతి చిన్న తొట్రుపాటునూ అనుసరిస్తే దారి తప్పుతుంది; మరీ మందకొడిగా ఉంటే వెనుకబడుతుంది. గాయకుడు ఒక సంగతిని కొంచెం సాగదీసినంత మాత్రాన మార్దంగికుడు తాళాన్ని విడిచిపెట్టడు. అట్లని గాయకుని కాలప్రమాణాన్ని కాదని తన దారిన పోడు.

చెప్పేవాడు పాటించే ఈ నియమానికి వెల ఉన్నది. 1983లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన విడ్మర్, ఫ్రానాస్జెక్ ప్రతిపాదించిన విధానంలో ప్రతి ఎనిమిది బిట్లనూ పది బిట్లుగా మార్చి పంపుతారు. ఒకే అంకె వరుసగా ఐదుసార్లకు మించి రాదు. 2008 నాటి యు.ఎస్.బి. 3.0 దీనినే స్వీకరించింది. తీగపై సెకనుకు 500 కోట్ల బిట్లు నడిస్తే అందులో అసలు సమాచారం 400 కోట్లే. ఆ ఐదవ వంతు వృథా అన్నవారు చాలామంది. 2010లో వచ్చిన పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ మూడవ ప్రమాణం 130 బిట్లలో రెండింటిని మాత్రమే ఇందుకు కేటాయించి, మిగిలిన వాటిని గణిత సూత్రంతో కలగాపులగం చేసి మార్పులు వచ్చేటట్లు చూసింది. వేగం పెరిగిన కొద్దీ ఇది అనివార్యమని ఒప్పుకోక తప్పదు. అయినా ఒక భేదాన్ని మరువరాదు. పాత విధానంలో వినేవానికి ఆనవాలు తరచుగా దొరుకుతుందన్నది హామీ. కొత్తదానిలో అది చాలావరకు సంభావ్యత. హామీకి చెల్లించిన వెలను వృథా అనడం న్యాయం కాదు.

నా అభ్యంతరం మరొకచోట ఉన్నది. స్ఫటికాన్ని తీసివేసి, దాని స్థానంలో నడకను దిద్దుకునే ఏర్పాటును సరిగా చేయని చౌక వస్తువు చల్లని గదిలో పరీక్షకు నిలుస్తుంది. రెంటచింతల ఎండలోనో, రామగుండం వేసవిలోనో దానిని కంప్యూటరుకు తగిలిస్తే గుర్తింపుకే నోచుకోకపోవచ్చు. మొదటి సంకేతం చేరేనాటికే డోలకం నడక హద్దులకు దరిదాపులలో ఉండాలి. ఆ పని కర్మాగారంలో, వేడిలోనూ చలిలోనూ పరీక్షించి చేయవలసినది. దానిని ఎగవేసి స్ఫటికం ఖర్చును మిగుల్చుకోవడం కొనుగోలుదారుని మోసగించడమే. తీగ తెగినా కాలం లెక్కించవలసిన కరెంటు మీటరు వంటి వాటికి స్ఫటికం ఉండే తీరాలి. గంట మోగించే కంప్యూటరుకు అసలు తప్పదు. దాని లోపల ఆ వెండి రంగు డబ్బీ నేటికీ కంపిస్తూనే ఉన్నది.