ట్రిప్ కోసం ఈ-సైకిల్ కొంటున్నారా? రేంజ్ ఒక్కటే చూడకండి!

కుప్పం నుంచి పుంగనూరు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్‌కి క్యారవాన్‌లోనో కారులోనో ఈ-సైకిల్ వేసుకుని వెళ్దామనుకుంటున్నారా? అయితే బాక్స్ మీద రాసిన రేంజ్ చూసి మురిసిపోకండి.

మదనపల్లె ఎత్తు సుమారు 700 మీటర్లు, హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. మనిషి, సైకిల్ కలిపి 100 కిలోలనుకుంటే ఆ ఎత్తు ఎక్కడానికే కనీసం 150 వాట్-అవర్లు కావాలి. 36 వోల్ట్, 10 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది మొత్తం 360. మోటార్‌లో పోయేది కూడా కలిపితే, పెడల్ తొక్కకుండా థ్రాటిల్ మీదే వెళ్లేవాళ్లకి సగానికి పైగా ఘాట్‌లోనే ఖాళీ! లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేని సైకిళ్ల మోటార్ 250 వాట్లు దాటదు కాబట్టి గేర్లు ఉన్న మోడలే తీసుకోండి.

ఇక మోసుకెళ్లడం. మామూలు ర్యాక్‌లు చాలావాటికి ఒక్కో సైకిల్‌కి 15 కిలోలే లిమిట్. ఈ-సైకిల్ తేలిగ్గా 20 దాటేస్తుంది. ర్యాక్ లిమిట్ చూశాకే కొనండి. బ్యాటరీ ఊడదీసి బండి లోపల, ఎండ తగలని చోట పెట్టండి. నంబర్ ప్లేట్, బ్రేక్ లైట్లు కనబడేలా కట్టండి.

నా ఓటు 100 కిలోమీటర్ల రేంజ్‌కి కాదు. బ్యాటరీ ఊడే, ఇద్దరు ఈజీగా ఎత్తగలిగే, గేర్లున్న సైకిల్‌కే. మరి మీ ఓటు?