తిరిగే కడ్డీలు, తిప్పే చేతులు

2019 నవంబరులో ఏలూరు పోలీసులు ఒక మనిషిని అరెస్టు చేశారు. వారు ప్రకటించినదాని ప్రకారం అతను 20 నెలల కాలంలో కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల్లో 10 మందికి సైనైడు కలిపిన ప్రసాదం పెట్టి చంపి, వాళ్ళు తెచ్చిన డబ్బూ బంగారమూ కాజేశాడు. అతను చూపిన ఎరలు మన ప్రాంతంలో అందరూ విన్నవే: బియ్యపు గింజల్ని లాగే నాణెం, భూమిలోని గుప్తనిధి. చనిపోయినవారిలో ఒక వ్యాయామోపాధ్యాయుడు కూడా ఉన్నాడు.

ఆ వార్త చదివి మా స్టాఫురూములో ఒక మిత్రుడు, "అత్యాశకు పోయారు, అనుభవించారు" అన్నాడు. అభ్యుదయవాదినని చెప్పుకునే మనిషే ఆ మాట అన్నాడు. నా పేచీ ఆ మాటతోనే.

హంతకుడి సంగతి న్యాయస్థానం చూసుకుంటుంది. అటువంటి నేరానికి దుక్కి దున్నిపెట్టిన నమ్మకం సంగతి ఎవరు చూడాలి? ఆ నమ్మకం మన ఊళ్ళలో పగటిపూటే, అందరి ఎదుటా, రుసుము తీసుకుని వ్యాపారం చేస్తున్నది.

తాడేపల్లిగూడేనికి ఉత్తరాన ఒక మెట్ట ఊళ్ళో నా మిత్రుడి తండ్రి చిన్న రైతు. నీళ్ళు చూసేవాడు వేపపంగ తిప్పి, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చూపిన చోటల్లా ఆయన బోరు వేశాడు. నాలుగు బోర్లలో మూడు ఎండాయి, అప్పు మిగిలింది. అప్పు తీరే దారి చూపిస్తానని మరొకడు వచ్చాడు. ఇతని చేతిలో పంగలకర్ర లేదు. పిడికి ఒక పెట్టె, దానికి మీటలు, ముందు అటూ ఇటూ తిరిగే ఏరియలు. అరమైలు దూరాన ఉన్న బంగారాన్ని కూడా పట్టేస్తుందట. పొలంగట్టున పాత పుట్ట దగ్గర ఏరియలు గిర్రున తిరిగింది.

నేను అతని కళ్ళకు తువ్వాలు కట్టిస్తానన్నాను. ధీమాగానే ఒప్పుకున్నాడు. నాలుగుసార్లు గుండ్రంగా తిప్పి అదే పొలంలో నడిపించాం. అయిదుసార్లు నడిస్తే అయిదు చోట్ల తిరిగింది. పుట్ట దగ్గర ఒక్కసారీ తిరగలేదు. ఒకసారి మాత్రం అతని మోటారుసైకిలు దగ్గర తిరిగింది. "మీ అనుమానానికి నిధి కదిలిపోయింది" అన్నాడు.

ఇందులో రహస్యమేమీ లేదు. పిడికిలిలో వదులుగా నిలిపిన కడ్డీ, మణికట్టు వెంట్రుకవాసి వాలినా పక్కకు తిరుగుతుంది. ఆ వాలటం పట్టుకున్నవాడికే తెలియదు. అంచేత వాళ్ళందరూ దొంగలు కానక్కరలేదు. కొందరు తమనే మోసగించుకుంటున్నారు. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్ లోలకం విషయంలో ఈ సంగతి 1833లోనే చెప్పాడు. దయ్యాలు బల్లలు కదుపుతున్నాయన్నప్పుడు, కదుపుతున్నవి చుట్టూ కూర్చున్నవాళ్ళ చేతులేనని 1853లో ఫారడే ప్రయోగం చేసి చూపాడు. 1990లో జర్మనీలో కాసెల్ వద్ద నీళ్ళు చూసేవాళ్ళు 30 మంది దాకా పరీక్షకు నిలిచారు. పాతిపెట్టిన గొట్టంలో నీరు పారుతున్నదో లేదో చెప్పమంటే, బొమ్మా బొరుసా వేసినదానికన్న మెరుగుగా చెప్పలేకపోయారు.

"మరి కొన్నిచోట్ల నీళ్ళు పడుతున్నాయి గదా?" అంటారు. కొల్లేటి చుట్టుపక్కల కడ్డీ లేకుండా తవ్వినా నీళ్ళు పడతాయి, అవి ఉప్పునీళ్ళయినా సరే. పడ్డ బోరు కడ్డీ ఖాతాలోకీ, పడని బోరు రైతు కర్మ ఖాతాలోకీ పోతుంది. ఇటువంటి లెక్కలో ఎవడు ఓడిపోతాడు?

"ఇది ఎలక్ట్రానిక్ యంత్రం" అనేవారికి వేరే జవాబుంది. ఇదేవిధమైన తిరిగే ఏరియలును బాంబుల్ని పసిగట్టే యంత్రమని ఒక బ్రిటిష్ వ్యాపారి ఇరాకుకు అమ్మాడు. అక్కడి సైనికులు దాన్ని నమ్మి తనిఖీ చేసి పంపించారు; బాగ్దాదులో బాంబులు పేలాయి. 2013లో ఇంగ్లండు కోర్టు అతనికి 10 సంవత్సరాల జైలు వేసింది. ఆ పెట్టెలో పనిచేసే సరంజామా ఏమీ లేదని అక్కడ తేలింది.

ఇంతవరకూ హేతువాదం చాలు. కాని ఆనాడు పొలంలో మోసం బయటపడ్డాక ఆ రైతు కోప్పడింది ఏరియలు తెచ్చినవాడిమీద కాదు, నామీద. "మాస్టారూ, మీరు తీరుస్తారా నా అప్పు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మన హేతువాదం ఆగిపోయే చోటు అదే.

నిధి మీద ఆశ ఎక్కడనుంచి వస్తుంది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో సంపద పొంగింది. దాన్ని తవ్వితీసింది కూలీల చెమట. అది చేరింది మరొకరి ఇంటికి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. అయినా 2006లో ప్రభుత్వమే వచ్చి చెరువుగట్లు కొట్టించవలసినంతగా చేపల చెరువులు దాన్ని కమ్మేశాయి. ఆ చెరువుల్లో పెట్టుబడి ఎవరిదో, గట్టుమీద రాత్రింబగళ్ళు కాపలా కాసినవాడెవరో మనకు తెలుసు. కష్టపడినవాడికి కలిసిరాకపోవటమూ, కష్టపడనివాడికి కలిసిరావటమూ రోజూ చూసే మనిషి, అదృష్టమే లోకధర్మమనుకుంటే ఆ తప్పు అతనిదేనా?

పాలకులు మాత్రం తక్కువ తిన్నారా? 2013లో ఉత్తరప్రదేశ్‌లో ఒక సాధువుకు కల వచ్చిందంటే పురావస్తు శాఖవారు కోట తవ్వారు. బంగారం దొరకలేదు. 2017లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో నిధికోసం అధికారుల సమక్షంలోనే తవ్వకాలు జరిగాయి. ఏలినవారు చేస్తే సర్వే, ఏలబడేవాడు చేస్తే అత్యాశ!

పోనీ, కడ్డీ నిజమే చెప్పిందనుకుందాం. 1878 నాటి చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి, దాచినవాడు నేరస్థుడు. పైగా మన నేలలో ఉన్న నిధి ఏది? పెదవేగి కింద శాలంకాయనుల, వేంగీ చాళుక్యుల రాజధాని ఉంది. గుంటుపల్లి కొండమీద బౌద్ధుల గుహలున్నాయి. ఒక రాగిశాసనం దొరికితే ఏ రాజు ఎవరి పొలం ఎవరికి దానమిచ్చాడో తెలుస్తుంది. నిధివేటగాడి గునపం ముందుగా పగలగొట్టేది ఆ సాక్ష్యాన్నే.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. రెండు ఇనుపతీగలు వంచి తరగతికి తీసుకువెళ్ళండి. గుడ్డకింద ఒక నాణెం దాచి, పిల్లల కళ్ళకు తువ్వాలు కట్టి నడిపించండి. తీగె ఎందుకు తిరిగిందో వాళ్ళే కనుక్కుంటారు. కాని అక్కడితో ఇంటికి పోవద్దు. ఆ పిల్లవాడి తండ్రి ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో, ఆ బాకీ ఎందుకు తీరదో కూడా మాట్లాడండి. మొదటిది చెప్పి రెండోది చెప్పకపోతే ఆ తండ్రి మళ్ళీ కడ్డీవాణ్ణే పిలుస్తాడు. అప్పుడు అతన్ని చూసి నవ్వే హక్కు మనకుండదు.