ఆస్టిన్‌లో మన ఆకలి కాగితాలు

బద్వేలు నుంచి ఉత్తరంగా పోతే పోరుమామిళ్ల. అక్కడి పెద్ద చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. కట్ట వేయడానికి రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, మొత్తం రెండేళ్ల పని అని లెక్క అందులో చెక్కారు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెప్పారు. సంస్కృతంలో ఉన్నా, పాలకుడి పని లెక్కను జనం నీళ్లు తాగే చోటే నిలబెట్టారు.

ఆరు వందల ఏళ్ల తర్వాత ఇదే దేశపు గింజల మీద వేరే దేశంలో నిర్ణయాలు జరిగాయి. ఆ కాగితాలు ఇప్పుడు అమెరికాలో, టెక్సస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరంలో ఉన్నాయి. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేర 1971 మే 22న తెరిచిన గ్రంథాలయంలో ఆయన కార్యాలయం ఫైళ్లు, సలహాదారుల నోట్లు, ఫోన్ సంభాషణల రికార్డింగులు భద్రపరిచారు. 1964-68 నాటి దక్షిణాసియా పత్రాలను ఎంపిక చేసి అమెరికా విదేశాంగ శాఖ ఒక సంపుటంగా అచ్చువేసింది. దాన్ని ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. భారతదేశానికి ఆహారం పంపడమెలా, ఎప్పుడు, ఏ షరతు మీద అన్న చర్చ ఆ సంపుటంలో చాలాచోట్ల వస్తుంది.

నేపథ్యం క్లుప్తంగా చెప్తాను. 1954లో అప్పటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన పబ్లిక్ లా 480 (పీఎల్ 480) కింద అమెరికా తన మిగులు ధాన్యాన్ని మనకు రూపాయలకే అమ్మింది. మొదటి ఒప్పందం 1956లో కుదిరింది. 1964-65లో 8.9 కోట్ల టన్నులున్న మన ఆహారధాన్యాల దిగుబడి, వానలు మొండికేయడంతో మరుసటి ఏడు 7.2 కోట్ల టన్నులకు పడిపోయింది. ఆ తర్వాతి ఏడూ కోలుకోలేదు. 1966లో బయటినుంచి తెచ్చుకున్న ధాన్యం కోటి టన్నులు దాటింది. అందులో ఎక్కువ భాగం అమెరికాదే.

సరిగ్గా ఆ సమయంలోనే జాన్సన్ పలుపు కురచ చేశాడు. ఇది నేను పెట్టిన పోలిక కాదు, ఆ విధానానికి అమెరికన్లే పెట్టిన పేరు. పశువు మేత దాకా పోగలగాలి, అంతకుమించి కదలకూడదు. 1965 నుంచి దీర్ఘకాల ఒప్పందం పక్కనబెట్టి, కొద్ది నెలలకు సరిపడా గోధుమలనే మంజూరు చేస్తూ వచ్చాడు. ఓడలకు అనుమతి తన చేతిలోనే ఉంచుకున్నాడు. ఢిల్లీలో రాయబారి చెస్టర్ బౌల్స్ తొందరపెట్టినా, సొంత సలహాదారులు చెప్పినా పట్టు వదల్లేదు.

ఆయన కోరిందేమిటి? భారత ప్రభుత్వం వ్యవసాయానికి ఎక్కువ డబ్బు పెట్టాలి, ఎరువుల కర్మాగారాల్లోకి ప్రైవేటు పెట్టుబడిని రానివ్వాలి. 1965 నవంబరులో రోములో అమెరికా వ్యవసాయ మంత్రి ఆర్విల్ ఫ్రీమన్, మన ఆహార మంత్రి సి. సుబ్రహ్మణ్యం గుట్టుగా ఒప్పందానికి వచ్చింది ఈ షరతుల మీదే. అంతవరకైతే కఠినమైన సలహా అనుకోవచ్చు. కానీ 1966 జులైలో ఇందిరాగాంధీ మాస్కోలో వియత్నాం మీద బాంబుదాడులు ఆపాలన్న ప్రకటనలో పాలుపంచుకున్నాక జాన్సన్ ఆగ్రహించాడు. ఆ శరత్కాలమంతా కొత్త మంజూరు నిలిచిపోయింది. అప్పటికి బీహారులో కరువు ముదురుతోంది. వ్యవసాయ సంస్కరణ పేర మొదలైన ఒత్తిడిలోకి వియత్నాం మీద కోపం చొరబడింది. ఆకలితో ఉన్న దేశం మీద అలాంటి ఒత్తిడి తప్పు, ఆ పత్రాలు చదివాక నా నిశ్చయం మరింత గట్టిపడింది.

ఆ ఒత్తిడి వల్లే హరిత విప్లవం వచ్చిందని వాదించేవారున్నారు. ఆ ఘనత నేను జాన్సన్‌కు ఇవ్వను. కొత్త విత్తనం, ఎరువు, రైతుకు గిట్టుబాటు ధర అన్న దారిని రోము ఒప్పందానికి ముందే సుబ్రహ్మణ్యం మంత్రివర్గంలో పట్టుబట్టి అడుగుతున్నారు. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించిందీ ఆయన హయాంలోనే. ఒకటి మాత్రం నిజం: ఆ కొత్త విత్తనం నీళ్లున్న చోటుకే వెళ్లింది. పంజాబుకూ కృష్ణా గోదావరి డెల్టాలకూ దక్కిన ప్రోత్సాహం మన జొన్నకూ కొర్రకూ వేరుశనగకూ దక్కలేదు. మెట్ట పంటల కోసం పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వచ్చింది 1972లో.

ఇక్కడొక సంగతి రాయలసీమవాళ్లు గుర్తుంచుకోవాలి. 1966 జనవరి నుంచి 1967 మార్చి దాకా కేంద్రంలో రవాణా, నౌకాయాన శాఖల మంత్రి అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి. ఆ శాఖ ఫైళ్లలో గోధుమ ఓడల కథ మన వైపు నుంచి ఉండాలి. ఆయనే 1977లో రాష్ట్రపతి అయ్యారు. జాన్సన్ మంజూరు నోటును బద్వేలులో కూర్చుని ఫోన్‌లో చదవగలం. మన మంత్రుల నోటును అంత సులువుగా చదవలేం.

కాగితం లేని చోట జ్ఞాపకమే చరిత్ర అవుతుంది, అందులో తప్పులూ చేరతాయి. మన పొలం గట్ల మీది వయ్యారిభామను కాంగ్రెస్ గడ్డి అంటాం, పీఎల్ 480 గోధుమలతో వచ్చిందంటాం. దాన్ని పూణే దగ్గర గుర్తించింది 1955లో. మొదటి పీఎల్ 480 ఒప్పందం అయింది 1956లో. అంతకుముందు, 1951లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కాలంలో అప్పుగా ఇచ్చిన 20 లక్షల టన్నుల ధాన్యంతో వచ్చిందేమో, వేరే దారిన వచ్చిందేమో. పెద్దల మాట కొట్టిపారేయను. కానీ 1952 కరువులో గంజి కేంద్రాల దగ్గర బారులు తీరిన సీమకు తన కథ సరిగా తెలుసుకునే హక్కుంది.

1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం, 1997 నియమాలు పాత ఫైళ్లను జాతీయ పురాభిలేఖాలయానికి చేర్చాలనీ, రహస్యం కానివి 30 ఏళ్ల తర్వాత పరిశోధకులకు అందుబాటులో ఉంచవచ్చనీ చెబుతున్నాయి. 1965-67 ఆహార, నౌకాయాన శాఖల ఫైళ్లకు దాదాపు 60 ఏళ్లు. వాటిని ఆ సంస్థ పోర్టల్ అభిలేఖ్ పటల్‌లో పెట్టాలని మన పార్లమెంటు సభ్యులు అడగాలి. కడప జిల్లాలోని తహసీల్దారు కార్యాలయాల్లో మిగిలిన పాత కరువు రిజిస్టర్లను చెదలుకు వదలకుండా కడపలోని సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రానికి చేర్చాలి. మీ ఇంట్లో ఆనాటి రేషన్ కార్డు ఉంటే పారేయకండి, ఆ కేంద్రానికే ఇవ్వండి.